చెప్పగా మిగిలిన సినిమాలు

సినిమా పిచ్చి ఉన్నవాడి దగ్గర రెండు తప్పకుండా ఉంటాయి: ఒక జాబితా, దాన్ని సమర్థించుకునే నోరు. నా జాబితాలో ఏడు సినిమాలున్నాయి. నడుమ ఉన్నవి అప్పుడప్పుడూ చోటు మార్చుకుంటాయి గానీ పైన రెండూ కదలవు. ఎవరైనా వాదనకు దిగితే నాకు పండగే. జాబితా వేసుకునేదే అందుకు. కాకపోతే వాదనకు ముందు కొలబద్ద ఏమిటో చెప్పాలి. వంద రోజులు ఆడిందా, ఏ బహుమతి వచ్చింది, హీరో ఎవరు అన్నవి నేను లెక్కలోకి తీసుకోను. నా కొలతను మా మెట్ట ప్రాంతం నేర్పింది.

ఉదయగిరి, ఆత్మకూరు చుట్టుపక్కల పల్లెల్లో సినిమా చూడటం కంటే సినిమా వినడం ఎక్కువ. కొత్త బొమ్మ నెల్లూరులో ఆడాలి, తరవాత ఆత్మకూరు లాంటి ఊరికి రావాలి, ఆ తరవాతే పెట్టె టూరింగు టాకీసు డేరా దాకా చేరేది. అప్పటికి ప్రింటు నిండా గీతలు. తెర మీద ఎప్పుడూ వాన కురుస్తూనే ఉండేది. మా మెట్టలో తప్పకుండా పడే వాన అదొక్కటే. మైకులో ఘంటసాల భక్తిపాట వినబడిందంటే ఆట మొదలవబోతోందని లెక్క. కానీ ఇంటిల్లిపాదీ పోయేది ఎక్కడ? గొడ్లను చూసుకునేవాళ్ళు ఒకరుండాలి, చంటిపిల్ల ఉన్న ఇల్లాలు కదల్లేదు, ముసలివాళ్ళు ఆ రాత్రిపూట అంత దూరం నడవలేరు. ఇంటికొకడు పోయేవాడు. పోయినవాడు మర్నాడు పొద్దున పేర్లు పడిన దగ్గర్నించి శుభం దాకా కథ చెప్పాలి. నేల టిక్కెట్టు డబ్బులిచ్చి పంపించింది అందుకే.

మా ఇంట్లో ఆ పని నాది. వినేది అవ్వ. ఊరికే వినే మనిషి కాదు. "ఆ పిల్ల యాడికి పోయింది? దానికి చెప్పకుండానే పెళ్ళి ఖాయం చేసేశారా?" అని నడుమలో పట్టుకునేది. ఎన్నాళ్ళో చెప్పాక నాకొకటి తెలిసొచ్చింది. కొన్ని సినిమాలు చెబితే అయిపోతాయి. చెప్పడం అయ్యేసరికి నా దగ్గరా ఏమీ మిగలదు, అవ్వకూ చూడాలనిపించదు. ఇంకొన్ని ఎంత చెప్పినా అయిపోవు. ఎక్కడో ఒకచోట గొంతు ఆగి, "అది చూడాల్సిందే అవ్వా" అనాల్సి వస్తుంది. ఆ మిగిలిందెంత అన్నదాన్ని బట్టే నా వరస.

ఏడోది మహామంత్రి తిమ్మరుసు. 1962లో కమలాకర కామేశ్వరరావు తీశారు. రామారావు రాయలు, గుమ్మడి తిమ్మరుసు. కథ మొత్తం చెప్పుకుంటూ పోవచ్చు. గుమ్మడి ముఖం దగ్గర మాత్రం ఆగాలి. తన చేతుల్లో పెరిగిన రాజే తనను అనుమానిస్తే ఆ ముసలి మంత్రి చూసే చూపుకు మాటలు చాలవు. పైగా ఈ సినిమా చెప్పేవాడికి మా వైపు ఇంకో వసతి ఉంది. గజపతుల పేరు రాగానే చెయ్యి చాపి కొండను చూపించొచ్చు. రాయలు 1513లో ముట్టడి మొదలుపెట్టి, ఏడాదికి పైగా మాటేసి, 1514లో గజపతుల నుంచి గెలుచుకున్నది ఈ ఉదయగిరి దుర్గాన్నే.

ఆరోది పాతాళభైరవి, 1951. కె.వి. రెడ్డి దర్శకత్వం. 1952లో మన దేశంలో జరిగిన మొదటి అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో కూడా చూపించారు. మా పల్లెకు ఆ సంగతి తెలియదు, అవసరమూ లేదు. పిల్లలు ఈ కథను ఆటగా ఆడేవాళ్ళు. విచిత్రం ఏమిటంటే, తోటరాముడు వేషం ఎవరికీ అక్కర్లేదు, అందరికీ నేపాళ మాంత్రికుడే కావాలి. కథను గెలిచింది రాముడైతే కథ చెప్పేవాళ్ళను గెలిచింది ఎస్.వి. రంగారావు. ఆయన గొంతును అనుకరించబోయి విఫలం కానివాడు లేడు. ఆ విఫలమైనంత మేరా సినిమా మిగిలినట్టే.

ఐదోది గుండమ్మ కథ, 1962. దీని కథ మనది కూడా కాదు, మనె తుంబిద హెణ్ణు అనే కన్నడ సినిమా నుంచి తెచ్చుకున్నది. గయ్యాళి ఇల్లాలు, మంచి సవతి కూతురు, పొగరుబోతు సొంత కూతురు, ఇద్దరు అల్లుళ్ళు. నాలుగు వాక్యాల్లో చెప్పేయొచ్చు. అంటే తక్కినదంతా మనుషులే. సూర్యకాంతం గొంతు లేవగానే హాల్లో ఆడవాళ్ళు నవ్వుతూనే ఒకరి ముఖం ఒకరు చూసుకునేవాళ్ళు. మన నెల్లూరు జిల్లా మనిషి రమణారెడ్డి ఘంటయ్యగా ఆ సన్నటి ఒళ్ళు వంకర్లు తిప్పుతూ చెవిలో కొండేలు చెబుతుంటే, అచ్చం అలాంటివాడు ప్రతి ఊళ్ళోనూ ఒకడు గుర్తొచ్చేవాడు. ఆయన్ను మాటల్లో పెట్టడం నా వల్ల కాలేదు. లేచి నిలబడి నడిచి చూపించాల్సి వచ్చింది.

నాలుగోది ఆదిత్య 369. ఇక్కడ కాస్త ఎక్కువసేపు నిలబడతాను, ఎందుకంటే దీన్ని తీసిన సింగీతం శ్రీనివాసరావు పుట్టింది ఉదయగిరిలో, 1931లో. కాలేజీ రోజుల్లో చదివిన హెచ్.జి. వెల్స్ నవల టైం మెషిన్ ఆయన మనసులో ఏళ్ళ తరబడి ఉండిపోయి, 1991లో తెలుగు సినిమాగా బయటికొచ్చింది. ఈ కథను నమ్మి నిర్మాత దాకా చేర్చిన మనిషి ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం. ఆయనా నెల్లూరు జిల్లా వాడే. జంధ్యాల మాటలు, ఇళయరాజా సంగీతం. బండెక్కినవాళ్ళు మొదట 1526కు పోయి రాయల సభలో దిగుతారు, తరవాత 2504కు పోయి భూమి మీద మనుషులు నేల కింద దాక్కునే రోజుల్లో తేలతారు.

దీన్ని అవ్వకు చెప్పడానికి నేను పడిన పాట్లు ఇన్నీ అన్నీ కావు. కాలంలో వెనక్కి పోయే బండి అంటే ఆమె వెంటనే ఒప్పేసుకుంది. పురాణాలు విన్న మనిషికి అదేమంత వింత? ఆమె సందేహం వేరే. "ఆ రాయలు మన దుర్గం కొట్టిన రాయలేనా? మరి వాళ్ళను ఇక్కడికి తీసకరాలేదా?" అంది. నేను నీళ్ళు నమిలాను. ఆ ప్రశ్న నన్ను చాలాకాలం వదల్లేదు. సినిమాలో రాయల సభ జరిగేనాటికి ఉదయగిరి ఆయన చేతికి చిక్కి పన్నెండేళ్ళయింది. ఆ గెలుపు గుర్తుగా ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపికి తీసుకుపోయి, 1515లో గుడి కట్టి ప్రతిష్ఠించారు. ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. అంటే ఉదయగిరి నుంచి బయలుదేరిన బాలకృష్ణుడు హంపి మీదుగా మద్రాసు చేరాడు. ఉదయగిరిలోనే పుట్టి మద్రాసు చేరిన సింగీతం, ఈ సినిమా హీరో అయిన ఇంకో బాలకృష్ణ తలమీద రాయల కిరీటం పెట్టారు. ఇది ఎవరూ రాసుకున్న కథ కాదు. అయినా మా వైపు చెప్పుకోడానికి సినిమా కథకు ఏమాత్రం తీసిపోదు.

మరి ఇంత అనుబంధం ఉండి నాలుగో చోటేనా? అవును. 2025లో మళ్ళీ విడుదలైనప్పుడు కొత్త పిల్లలు కూడా చప్పట్లు కొట్టిన సినిమాయే, కాదనను. ఊహంతా కథలోనే ఉంది కాబట్టి చెబితే చాలావరకు వచ్చేస్తుంది. మా మనిషి అని ఒక మెట్టు ఎక్కించడం మొదలుపెడితే ఆ తరవాత నా కొలబద్దను నేనే నమ్మను.

మూడోది శంకరాభరణం, 1980. దీన్ని చెప్పబోయి మొదటి ఐదు నిమిషాల్లోనే చేతులెత్తేశాను. ఒక సంగీత విద్వాంసుడు, ఆయన పాట మీద ప్రాణం పెట్టుకున్న ఒక ఆడపిల్ల, లోకం వేసే నింద. కథ అయిపోయింది. సినిమా మాత్రం ఇంకా మొదలే కాలేదు, ఎందుకంటే అదంతా పాటలో ఉంది. చెప్పేవాడికి గొంతుండాలి. శాస్త్రీయ సంగీతం పద్ధతిగా నేర్చుకోని బాలు, మహదేవన్ కట్టిన వరసల్లో శంకరశాస్త్రి గొంతై, మొదటి జాతీయ అవార్డు తెచ్చుకున్నారు. ఆ పాటలు రేడియోలో వచ్చినప్పుడు అవ్వను పిలిచి కూచోబెట్టి, "నేను చెప్పలేంది ఇదీ" అని చూపించాను. సినిమా చూడకుండానే ఆమె ఈ సినిమాను నా కంటే ఎక్కువ తెలుసుకుందేమో!

రెండోది పుష్పక విమానం, 1987. మళ్ళీ సింగీతమే. బెంగుళూరులో తీసిన ఈ సినిమాలో మాట అన్నదే లేదు. మొదటిసారి చూసినప్పుడు నా పక్కనున్న పెద్దాయన సౌండు పెట్టె పాడైందనుకుని ఆపరేటరు మీద కేకలేశాడు. కాసేపటికి వీధి చప్పుళ్ళు, తలుపు చప్పుళ్ళు వినబడుతుంటే తగ్గి కూచున్నాడు. ఇంటర్వెల్లుకు సోడా తాగడానికి కూడా లేవలేదు.

మాటల్లేని సినిమాను మాటల్లో చెప్పడం ఎట్లా? ఇక్కడ నా పాత విద్యంతా తలకిందులైంది. మామూలు సినిమాలో పాత్రలు అన్న మాటలు తిరిగి అంటే సగం పని అయిపోతుంది. ఇందులో ఎవరూ ఏమీ అనరు. పని దొరకని కుర్రాడు కమల్ హాసన్. రోడ్డు పక్క తాగి పడిపోయిన ధనవంతుణ్ణి తన గదిలో బంధించి, అతని బదులు పెద్ద హోటల్లో దిగుతాడు. మెత్తటి పరుపు మీద పడుకుంటే నిద్ర రాదు. ఎందుకో తెలుసా? అతని పాత గది సినిమా హాలు పక్కన. రోజూ ఫైటింగు చప్పుళ్ళ మధ్య పడుకుని అలవాటు. అక్కడికి పోయి, హాల్లో నుంచి వచ్చే రొదను టేపులో పట్టుకొచ్చి, హోటలు గదిలో పెట్టుకుని హాయిగా నిద్రపోతాడు. సినిమా గురించి సినిమాలో ఇంత పెద్ద మాట, అదీ మాట లేకుండా, నేనింకెక్కడా చూడలేదు. మనందరికీ ఆ రొద ఎంత అవసరమో ఆ టేపు చెప్పేస్తుంది.

ఇంకోచోట, అడుక్కునే మనిషి చనిపోతే అతని చింకి గుడ్డల్లోంచి నోట్లు బయటపడతాయి. శవాన్ని వదిలేసి జనం నోట్ల మీద పడతారు. నవ్వుతున్నవాడి నవ్వు మధ్యలో ఆగిపోతుంది. చివరికి కథానాయిక అమల తన చిరునామా రాసి పువ్వుతోపాటు విసిరిన కాగితం గాలికి కొట్టుకుపోయి మురికికాలవలో పడుతుంది. ఇక్కడ అవ్వ, "అయ్యో, చదువుకున్న పిల్లే గదా, నోటితో ఒక్క మాట చెప్పకూడదా!" అంది. సినిమాలో మాట లేదని అంతవరకూ ఆమెకు గుర్తే రాలేదు. దీనికి రెండో చోటు ఇవ్వడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

మొదటిది మాయాబజార్, 1957. ఈ సినిమాకు వాదించాల్సిన పనే లేదంటారు. 2013లో సీఎన్ఎన్-ఐబీఎన్ ఛానెల్ జరిపిన ఓటింగులో భారతీయ సినిమాలన్నింటిలో గొప్పదిగా జనం దీన్నే ఎన్నుకున్నారు. 2010లో రంగులద్ది విడుదల చేస్తే మళ్ళీ చూశారు. ఓట్లు గెలిచింది ఎవరో చెబుతాయి గానీ ఎందుకు గెలిచిందో చెప్పవు. నా కారణం నాకుంది.

అవ్వకు చెప్పబోయిన సినిమాలన్నింటిలో ఆమెకు కథ ముందే తెలిసింది ఇదొక్కటే. శశిరేఖా పరిణయం నాటకం చూసింది, తోలుబొమ్మలాటా చూసింది. వ్యాసుడి భారతంలో బలరాముడికి శశిరేఖ అనే కూతురు లేదు. మన ఊళ్ళ నాటకాల్లో, బొమ్మలాటల్లో మాత్రం ఆమె పెళ్ళి ఎన్నిసార్లు జరిగిందో! నేను నోరు తెరిస్తే ముందు జరగబోయేది అవ్వే చెప్పేసేది. అంటే కథ అనే సాయం నాకు లేకుండా పోయింది. తక్కినది మాత్రమే చెప్పాలి. ఘటోత్కచుడి ముందు గారెలూ లడ్డూలూ వాటంతటవే ఎట్లా కదులుతాయో, పెట్టె తెరిస్తే మనసులోని మనిషి ఎట్లా కనబడతాడో, సావిత్రి శశిరేఖ వేషంలో ఉన్న ఘటోత్కచుడై మీసం లేని చోట మీసం ఎట్లా దువ్వుతుందో, మార్కస్ బార్ట్లే స్టూడియో గోడల మధ్య అంత వెన్నెల ఎట్లా కాయించాడో. పాండవుల కొడుకు పెళ్ళి కథలో పాండవులు ఒక్కసారైనా తెర మీదికి రాని సంగతి చెబితే, ఆమె కాసేపు ఆలోచించి, "అవును గదా, వాళ్ళు రాలేదని తోచనే లేదే" అంది. చూడకుండానే!

తెలిసిన కథను తీసేస్తే మిగిలేది ఎంత అన్నదే నా కొలత అయితే, ఈ సినిమాలో ఆ తీసివేత ముందే జరిగిపోయింది. మిగిలింది మూడు గంటల సినిమా. అందుకే అది మొదటిది. ఈ సినిమాకు దర్శకుడు కె.వి. రెడ్డి దగ్గర సహాయకుడిగా పనిచేసిన కుర్రాళ్ళలో సింగీతం ఒకరు. యాభై ఏళ్ళ తరవాత, 2008లో, ఆయన ఘటోత్కచుణ్ణి యానిమేషన్ బొమ్మగా మళ్ళీ తెర మీదికి తెచ్చారు. శిష్యుడికి రెండో చోటు, నాలుగో చోటు దక్కాయి, మొదటిది గురువుకే చెల్లింది. ఉదయగిరి వాళ్ళు దీనికి చిన్నబుచ్చుకోరనే అనుకుంటున్నాను.

మల్లీశ్వరి ఏదీ, మిస్సమ్మ ఏదీ, మూగమనసులు ఏదీ అని మీరు లేస్తారని తెలుసు. లేవండి. ఈ జాబితా తప్పని నిరూపించడానికి దారి కూడా నేనే చెబుతాను. మీకు అన్నింటికంటే ఇష్టమైన సినిమా ఒకటి తీసుకుని, దాన్ని చూడనివాళ్ళ ఎదురుగా కూచుని, ఫోన్లో ముక్కలు చూపించకుండా, మొదటి నుంచి చివరిదాకా చెప్పండి. ఎక్కడా ఆగకుండా శుభం దాకా వచ్చేశారంటే మీది మంచి కథ, అంతే. నడుమలో ఎక్కడైనా చేతులు గాల్లో తిప్పి, మాట దొరక్క, "అది చూడాల్సిందే" అన్నారా, నా వరసలో దానికి చోటుంది. ఎన్నోది అన్నది వాదించుకుందాం రండి.