చెంబూ చేతాడూ

పూర్వం మన పెద్దలు దూరప్రయాణం కట్టినప్పుడు చెంబూ చేతాడూ వెంట ఉంచుకొనేవారు. దారిలో బావి ఉండవచ్చు గాని, తోడిపోసే మనిషి ఉంటాడని నమ్మకమేమిటి? కొండదారుల్లో సైకిలు తొక్కేవాడికి పనిముట్ల సంచీ అటువంటిది.

ఊళ్లో పంక్చరు పడితే నాలుగు వీధులు నడిచేలోగా ఒక దుకాణం కనబడుతుంది. బెంగుళూరుకు ఉత్తరాన నంది బెట్ట చుట్టూ ఉన్న రాళ్లదారుల్లో కనబడేవి పల్లేరుగాయలూ, తుమ్మముళ్లూను. అందుచేత నా సంచిలో చక్రం కొలతకు సరిపడే ట్యూబు ఒకటి, టైరు ఊడదీసే మీటలు రెండు, పంక్చరు అతుకులు, చేతిపంపు, అలెన్ కీల కట్ట, చైను పిన్ను తీసే సాధనం, చైను కలిపే లింకు ఉంటాయి. అంతా కలిపి కిలో దాటనివ్వను. లింకు కొనేటప్పుడు మన చైను 10 గేర్లదో 12 గేర్లదో చూసుకోవాలి. ఒకదానిది మరొకదానికి పట్టదు. కొత్త ట్యూబు వేసేముందు టైరు లోపల జాగ్రత్తగా తడిమి ముల్లు తీయాలి. లేకుంటే రెండోదానికీ అదే గతి.

"సెల్‌ఫోను ఉండగా ఈ ఇనుపమూట దేనికి మామయ్యా?" అని మా మేనల్లుడు నవ్వేవాడు. కిందటి కార్తీకంలో వాడి సైకిలు బండరాయికి తగిలి, వెనుక గేర్లు మార్చే డిరైలరు విరిగి వేలాడింది. పొద్దు వాలుతున్నది, ఫోనుకు సిగ్నలు లేదు. డిరైలరు విప్పేసి, మిగులు లింకులు తీసి, చైనును వెనుక ఒకే పళ్లచక్రం మీద బిగించాం. వెనుక స్ప్రింగులేని సైకిలు గనుక ఆ ఉపాయం పారింది. ఒకే గేరుతో మెల్లగా తొక్కుకొంటూ చీకటి ముదరకముందే రోడ్డెక్కాం. ఇల్లు చేరేసరికి మా చెల్లెలు గుమ్మంలోనే నిలబడి ఉన్నది.

ఈ క్రీడ పుట్టుకలోనే మరమ్మతు ఉన్నది. 1976లో కాలిఫోర్నియాలోని మారిన్ ప్రాంతపు కుర్రవాళ్లు పాత సైకిళ్లమీద కొండ దిగే పందెం పెట్టారు. కిందికి చేరేసరికి వెనుక బ్రేకు వేడికి హబ్బులోని గ్రీజు కాలిపోయేది. మళ్లీ కూరవలసి వచ్చేది. అందుకే ఆ పందానికి "రీప్యాక్" అని పేరు వచ్చింది.

అయితే సామాను కొన్నంత మాత్రాన చాలదు. ఒక ఆదివారం ఇంటి అరుగు మీద కూర్చొని టైరు విప్పి, మళ్లీ ఎక్కించి చూడాలి. చేతికి రాని విద్య సంచిలో ఉండి ఏం లాభం?

ఇప్పుడు మేనల్లుడి సంచీ నా సంచీకంటె బరువు. అందులో ట్యూబులు రెండు. ఒకటి తనకు, రెండవది దారిలో ఆగిపోయిన వారెవరికైనానట.