ఇటుక గోడ, ఎండ్ జోన్

షికాగోలో రెడ్ లైన్ రైలు ఆడిసన్ స్టేషన్‌లో ఆగగానే పెట్టె సగానికి సగం ఖాళీ అయింది. నీలం చొక్కాల గుంపు వెంట మెట్లు దిగి నాలుగడుగులు వేస్తే రిగ్లీ ఫీల్డ్. ఇళ్లు, బార్లు, చిన్న కొట్ల నడుమ ఒక బ్లాకు నిండా ఒదిగి కూర్చున్న స్టేడియం అది. ఎదురు వీధుల్లోని మేడల మీద కూడా బెంచీలు వేసి టికెట్లు అమ్ముతారు.

"ఇక్కడ యాభై సీజన్లు ఫుట్‌బాల్ కూడా ఆడారు మావయ్యా! ఎక్కడ పట్టిందో మీరే చూడండి" అంది నన్ను తీసుకెళ్లిన మా మేనకోడలు. ఫుట్‌బాల్ అంటే చేత్తో పట్టుకుని పరిగెత్తే అమెరికా ఆట. బేస్‌బాల్ మైదానం విసనకర్ర విప్పినట్టు ఉంటుంది. ఫుట్‌బాల్‌కేమో 120 గజాల పొడవున దీర్ఘచతురస్రం కావాలి. లెఫ్ట్ ఫీల్డ్ గ్యాలరీలో కూర్చున్నాక నా కళ్లు ఆ దీర్ఘచతురస్రాన్నే వెతకసాగాయి.

1914లో చార్లెస్ వీగ్‌మన్ అనే హోటళ్ల యజమాని ఫెడరల్ లీగ్ అనే బేస్‌బాల్ లీగ్‌లోని తన జట్టు కోసం దీన్ని కట్టించాడు. ఆ లీగ్ 1915 సీజన్‌తో మూతపడింది. మరుసటి ఏడాది కబ్స్ బేస్‌బాల్ జట్టు ఇక్కడికి చేరింది. చూయింగ్ గమ్ వ్యాపారి విలియమ్ రిగ్లీ పేరు ఆ తర్వాత వచ్చింది.

జార్జి హాలస్ తన ఫుట్‌బాల్ జట్టుతో 1921లో అడుగుపెట్టాడు. తర్వాత బేర్స్‌గా పేరుకెక్కిన జట్టు అదే. ఉత్తర దక్షిణాలుగా గీతలు గీస్తే ఒక కొస నేను కూర్చున్న చోటి గోడకు ఆనేది. రెండో కొసన ఎండ్ జోన్ (బంతితో చేరితే టచ్‌డౌన్ అయ్యే చివరి భాగం) మూల, ఆటగాళ్లు కూర్చునే డగౌట్‌లోకి పోయేది. బంతితో అక్కడికి పరిగెత్తినవాడు ఒళ్లు కాచుకోవాల్సిందే. బేర్స్ ఆటగాడు బ్రాంకో నగుర్స్‌కీ అడ్డొచ్చినవాళ్లను పడదోసుకుంటూ వచ్చి చివరికి ఇటుక గోడనే ఢీకొట్టాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. 1963 డిసెంబరు 29న ఎముకలు కొరికే చలిలో బేర్స్ 14-10 స్కోరుతో న్యూయార్క్ జెయింట్స్‌ను ఓడించి జాతీయ విజేతలైంది ఈ నేల మీదే. 1965లో అదే జట్టు ఆటగాడు గేల్ సేయర్స్ ఇక్కడి బురదలో ఒక్క ఆటలో ఆరు టచ్‌డౌన్లు చేశాడు. కనీసం 50,000 సీట్లుండాలని ఫుట్‌బాల్ లీగ్ పట్టుబట్టడంతో 1970 సీజన్‌తో బేర్స్ ఇక్కడ ఆట ముగించి సోల్జర్ ఫీల్డ్‌కు వెళ్లిపోయింది.

నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి 2010 నాటిది. నార్త్‌వెస్టర్న్, ఇల్లినాయ్ విశ్వవిద్యాలయాల జట్లు ఆడడానికి ఈసారి తూర్పు పడమరలుగా గీతలు గీశారు. తూర్పు కొస గోడకు మరీ దగ్గరైంది. గోడ జోలికి ఎవరూ పోలేదు. ఎవరి చేతిలో బంతి ఉన్నా పడమటి వైపే దాడి చేయాలని ఆట పద్ధతినే మార్చారు. పాత కట్టడానికి ఇవ్వాల్సిన మర్యాద అంటే నా దృష్టిలో అదీ.

మైదానం చుట్టూ ఆ ఇటుక గోడను అల్లుకున్న ఐవీ తీగను 1937లో కబ్స్‌లో పనిచేసే బిల్ వీక్ నాటించాడు. నా సీటు నుంచి తొంగి చూస్తే చేతికందేంత దగ్గరగా ఉంది. ఆకు మీద ఆకు పరుచుకుని ఇటుక కనబడనివ్వడం లేదు. ఆట మధ్యలో ఒక బంతి వచ్చి అందులో ఇరుక్కుంది. ఫీల్డర్ దాన్ని వెతకలేదు, రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డాడు. అలా ఎత్తితే అంపైర్ బ్యాటర్‌కు రెండు బేస్‌లు ఇస్తాడు. చేయి పెట్టి వెతికితే మాత్రం ఆట నడుస్తున్నట్టే లెక్క. ఆ తీగ నాటిన ఏడాదే పెట్టిన స్కోర్‌బోర్డును ఇప్పటికీ మనుషులే నడుపుతారు. లోపల కూర్చున్నవాళ్లు అంకెల పలకలు చేత్తో మారుస్తుంటే ఎంతసేపైనా చూడాలనిపించింది. ఈమధ్య తగిలించిన పెద్ద వీడియో తెరలు మాత్రం నాకు నచ్చలేదు. అవి లేకుంటేనే బాగుండేది.

రాత్రి ఆటలకు దీపాలు కూడా ఇక్కడికి ఆలస్యంగానే వచ్చాయి. 1941లో సామగ్రి సిద్ధం చేసుకున్నారు. ఇంతలో పెరల్ హార్బర్ మీద దాడి జరగడంతో దాన్ని యుద్ధావసరాలకు ఇచ్చేశారు. తర్వాత చుట్టుపక్కల ఇళ్లవాళ్లు ఒప్పుకోలేదు. చివరికి 1988 ఆగస్టు 8న దీపాలు వెలిగించి ఆట మొదలుపెడితే వాన చెడగొట్టింది. మర్నాడు గానీ పూర్తి ఆట జరగలేదు. గెలుపూ అలాగే ఆలస్యమైంది: 1908 తర్వాత కబ్స్ మళ్లీ ప్రపంచ సిరీస్ గెలిచింది 2016లో. ఆ గెలుపు క్లీవ్‌లాండ్‌లో దక్కినా పండగ మాత్రం ఈ వీధుల్లోనే జరిగింది.

మేం వెళ్లిన రోజు కబ్స్ గెలిచింది. స్కోర్‌బోర్డు మీద నీలం 'డబ్ల్యూ' ఉన్న తెల్ల జెండా ఎగిరింది. రైలెక్కి ఇంటికి పోయేవాళ్లకు గెలుపోటములు తెలియడానికి మొదలైన ఆనవాయితీ ఇది.

షికాగోలో పిల్లల దగ్గరికి వెళ్లే మన పెద్దవాళ్లు సరస్సు ఒడ్డు, ఆకాశహర్మ్యాలు చూసి తిరిగొచ్చేస్తుంటారు. బేస్‌బాల్ తెలియకపోయినా ఫరవాలేదు. వేసవిలో పగటి ఆట ఉన్న రోజు చూసుకుని, లెఫ్ట్ ఫీల్డ్ గ్యాలరీకి టికెట్ కొనుక్కోండి. అక్కడ సీట్లకు నంబర్లుండవు, కాస్త ముందుగా వెళ్తే గోడ పక్కనే చోటు దొరుకుతుంది.