నిద్రమొహం వంజరం

మా టీమ్‌లో కొత్త ప్రాజెక్టు అనగానే మొదటి గొడవ కోడ్ గురించి కాదు, పేరు గురించే. ఒకరు దేవుడి పేరంటారు, ఇంకొకరు సినిమా పేరంటారు. మీటింగ్ అయిపోతుంది, పేరు మాత్రం తేలదు. అందుకే ఓ ఆదివారం కూర్చుని పైథాన్‌లో చిన్న టూల్ రాశాను. టెర్మినల్‌లో 'పేరు' అని కొట్టి ఎంటర్ నొక్కితే చాలు, ఏదో ఒకటి ఇచ్చేస్తుంది.

లోపల పెద్ద విద్యేం లేదు. రెండు జాబితాలు. ఒకదాంట్లో 40 విశేషణాలు, రెండోదాంట్లో మన విశాఖ చేపలు, కొండలు, బీచ్‌లు కలిపి 40. లాటరీలో చీటీ తీసినట్టు అందులోంచి ఒకటి, ఇందులోంచి ఒకటి తీసి కలపడమే. 'తిక్క యారాడ', 'నిద్రమొహం వంజరం' లాంటివి వస్తాయి. మొత్తం 1,600 పేర్లు. చాలా ఎక్కువనిపిస్తోంది కదా? కానీ 50 పేర్లు తీసేలోపే ఏదో ఒకటి రెండోసారి వచ్చే అవకాశం సగానికి పైనే. క్లాసులో ఇద్దరి పుట్టినరోజు ఒకటే అయ్యే లెక్క ఇది. అందుకే ఇచ్చిన ప్రతి పేరునీ నా టూల్ ఒక ఫైల్లో రాసుకుంటుంది.

ఈ ఐడియా నాదేం కాదు. డాకర్ వాడేవాళ్లకి తెలుసు. మనం పేరివ్వకపోతే కంటైనర్‌కి ఒక విశేషణం, ఒక శాస్త్రవేత్త పేరు కలిపి అదే తగిలించేస్తుంది. ఆ జాబితాలో చిన్నప్పుడు విశాఖలో చదువుకున్న సి.వి. రామన్ కూడా ఉన్నారు. 'బోరింగ్ వోజ్నియాక్' అన్నది మాత్రం ఎప్పటికీ రాదు. ఆపిల్ స్థాపకుల్లో ఒకరైన వోజ్నియాక్ బోరింగ్ మనిషి కాదని, ఆ పేరొస్తే మళ్లీ తీయమని కోడ్‌లోనే రాసిపెట్టారు!

కోడ్ నేమ్ అసలు పని గుట్టు దాచడం. మన ఊళ్లో కట్టిన అణు జలాంతర్గామిని ఏళ్ల తరబడి 'ఏటీవీ' అనే పిలిచారు. అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ వెసెల్ అన్నమాట. వింటే సబ్‌మెరైన్ అని తట్టనే తట్టదు. 2009 జులై 26న నీళ్లలోకి దింపినప్పుడు అది 'అరిహంత్' అయింది.

మా నాన్న స్టీల్‌ప్లాంట్‌లో చేసేవారు. అక్కడి మూడు బ్లాస్ట్ ఫర్నేసుల పేర్లు గోదావరి, కృష్ణా, అన్నపూర్ణ. "ఈవేళ కృష్ణా దగ్గర డ్యూటీ" అని చుట్టాలింటికి వెళ్తున్నట్టు చెప్పేవారు. అంత మంటలో పనిచేసే మనుషులకి నంబరు సరిపోదేమో.

పోయినేడాది ఆసుపత్రుల్లో మందుల స్టాకు చూసే సాఫ్ట్‌వేర్ ఒకటి చేస్తుంటే క్లయింటు మధ్యలో ఆపేశాడు. ఆరుగురం, ఎనిమిది నెలల పని. "దాని పేరేంట్రా?" అనడిగారు నాన్న. "నిద్రమొహం వంజరం" అన్నాను. ఆయన నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆ పేరు వింటే మేం ఏం చేశామో ఎవరికి అర్థమవుతుంది?

ఆ వారమే టూల్‌లో కొత్త రూల్ పెట్టాను. 30 రోజులు దాటి బతికిన ప్రాజెక్టు కనిపిస్తే స్క్రీన్ మీద ఒక లైను వస్తుంది: "ఇక దీనికి మీరే పేరు పెట్టండి." ఊరికే ఎంటర్ నొక్కితే కదలదు.