నూతనమా? పురాతనమా? – ఒక వా పెడల్ వృత్తాంతం

వస్తువును ఎన్నుకోవడం అల్పవిషయమని లోకం తలుస్తుంది. కానీ పరిమితధనుడైన మనిషి తాను కోరిన వస్తువు ఎదుట నిలిచినప్పుడు అతని వివేకమూ, లోభమూ, ధర్మబుద్ధీ ఏకకాలంలో పరీక్షకు గురి అవుతాయి. అమెరికాలోని డల్లాస్ నగరంలో విద్యాభ్యాసం చేస్తున్న ఒక తెలుగు యువకునికి ఆ పరీక్ష గిటార్ వాద్యానికి అనుబంధమైన వా పెడల్ రూపంలో ఎదురైంది.

ఈ ఉపకరణం 1966లో అమెరికాకు చెందిన థామస్ ఆర్గాన్ సంస్థలో జన్మించింది. బ్రాడ్ ప్లంకెట్ అనే ఇంజనీరు ఒక యాంప్లిఫయర్ సర్క్యూట్‌ను సవరిస్తుండగా, తిప్పుడు మీట కదలికతో ధ్వని విచిత్రంగా రూపు మారింది. ఆ సర్క్యూట్‌ను ఆర్గాన్ వాల్యూమ్ పెడల్ పెట్టెలో అమర్చగా, చేతి పని పాదానికి సంక్రమించింది. 1967లో అది ట్రంపెట్ విద్వాంసుడు క్లైడ్ మెక్‌కాయ్ పేరుతో విపణికి వచ్చింది. జిమీ హెండ్రిక్స్ వాదనంలో దాని శక్తి లోకానికి విదితమైంది.

దాని తత్త్వం సరళమే. పాదాన్ని ముందుకు వంచితే తీక్ష్ణధ్వనులు ప్రస్ఫుటమవుతాయి. మడమ వైపు వంచితే గంభీరధ్వనులు నిలుస్తాయి. నోరు ఆకారం మార్చినప్పుడు అచ్చులు మారే రీతి ఇదే. ఉకారానికి స్థానం ఓష్ఠాలు, అకారానికి స్థానం కంఠం అని శిక్షాశాస్త్రం నేర్చినవారికి తెలుసు. ముకుళించిన పెదవులు విప్పుకొని ఉకారం అకారంలోకి జారినప్పుడు ‘వా’ అనే శబ్దం పుడుతుంది. తంత్రీనాదానికి ఒక ముఖాన్ని ప్రసాదించే యంత్రం కనుకనే దానికి ఆ పేరు వచ్చింది.

ఆ యువకుడు విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో పనిచేసి కూడబెట్టిన ధనం నూరు డాలర్లకు కొంచెం పైమాట. ఆ మొత్తానికి దుకాణంలో కొత్త క్రై బేబీ లభిస్తుంది. దానికి వారంటీ ఉంది, అడాప్టర్ పెట్టుకునే వసతి ఉంది. మరొకవైపు, నగరంలోని ఒక వృద్ధుడు 1970ల నాటి ఇటలీ తయారీ పెడల్‌ను అరవై డాలర్లకు ఇస్తానని ప్రకటించాడు. రాజమహేంద్రవరంలో ఉన్న తండ్రిని ఫోనులో సలహా అడిగాడు.

“నాయనా, కొత్తది కొంటే దుకాణం వాడు పూచీ పడతాడు. పాతది కొంటే నీ చెవులే పూచీ పడాలి. వెళ్ళి విని రా” అన్నాడు తండ్రి.

యువకుడు తన గిటార్‌తోనే వెళ్ళాడు. మొదట గిటార్‌ను నేరుగా యాంప్లిఫయర్‌కు తగిలించి విన్నాడు. తరువాత పెడల్‌ను మధ్యలో చేర్చి, దానిని ఆన్ చేయకుండానే విన్నాడు. తీక్ష్ణత కొంత క్షీణించింది. పాత వా పెడళ్ళలో అనేకానికి ఈ దోషం సహజం. ఆపై ఆన్ చేసి పెడల్‌ను అతి నెమ్మదిగా నడిపాడు. గరగరమనే శబ్దం వచ్చింది. అది లోపలి పొటెన్షియోమీటర్ అరుగుదల. దానిని మార్చడం స్వల్పవ్యయంతో సాధ్యం. పళ్ళచక్రం మాత్రం జారడం లేదు.

వృద్ధుని అనుమతితో అడుగురేకు విప్పాడు. లోపల ఎర్రని ఫాసెల్ ఇండక్టర్ కనబడింది. పాత పెడళ్ళను సేకరించేవారు దానికోసం అధికమూల్యం చెల్లిస్తారని అతనికి తెలుసు. వృద్ధునికి తెలియదు.

అతని మనస్సు వాదం ఆరంభించింది. మూల్యాన్ని నిర్ణయించినది అమ్మేవాడే కదా! ఈ జ్ఞానం తాను శ్రమించి ఆర్జించినదే కదా! అడగని దానికి సమాధానం చెప్పవలసిన విధి ఎక్కడిది? ప్రతివాదం బలంగానే ఉంది. కానీ ఎదుట కూర్చున్న మనిషి వ్రేళ్ళు కీళ్ళవాతంతో వంకరపోయి ఉన్నాయి. వాయించలేకనే ఒక్కొక్క వస్తువునూ అమ్ముకుంటున్నాడు.

“అయ్యా, దీనికి మీరు అడిగిన దానికంటే చాలా ఎక్కువ వెల వస్తుంది” అని ఆ ఎర్రని భాగాన్ని చూపించాడు.

వృద్ధుడు చాలాసేపు మౌనం వహించి, “అలాగైతే దీనిని ఇప్పుడు నీకు ఇవ్వలేను బాబూ. నాకు ఆ డబ్బు అవసరం” అన్నాడు. యువకునికి కలిగిన నిరాశ అసత్యం కాదు. సత్యం పలికినందుకు ప్రతిఫలం తక్షణమే సిద్ధిస్తుందనే భరోసా ఎవరూ ఇవ్వలేదు.

అయినా వృద్ధుడు అతనిని వెంటనే పంపలేదు. తాళానికి అనుగుణంగా పెడల్‌ను నిరంతరం ఊపనవసరం లేదని, ఒక స్థానంలో నిలిపి ఉంచితే తంత్రికి స్థిరమైన కొత్త గొంతు వస్తుందని వినిపించాడు. బ్యాటరీ వృథా కాకుండా వాదనం ముగియగానే ఇన్‌పుట్ తీగను ఊడదీయమని హెచ్చరించాడు.

మరునాడు యువకుడు కొత్త పెడల్‌నే కొన్నాడు. పాతది ఉత్తమమనే భ్రాంతీ, కొత్తది నిర్దోషమనే భ్రాంతీ రెండూ అతనిని విడిచాయి. ఒకే నమూనాలోనైనా విడిభాగాల కొలతలు కొద్దిగా భేదిస్తాయి కనుక, ప్రతి యంత్రాన్నీ విని నిర్ణయించవలసినదే. సొమ్ము పరిమితమైనప్పుడు, మరమ్మతు చేతకానప్పుడు కొత్తది శ్రేయస్కరం. వినే చెవీ, విప్పి చూసే ఓర్పూ ఉన్నప్పుడు పాతది లాభదాయకం. రెండింటిలోనూ అమ్మేవాని అజ్ఞానాన్ని లాభంగా లెక్కించకపోవడం ధర్మం.

అతడు పెడల్ వచ్చిన పెట్టె మూత లోపల ఒక కాగితం అంటించాడు. కొన్న తేదీ వ్రాసి, క్రింద మరమ్మతుల కోసం ఖాళీ విడిచాడు. ఉత్తరోత్తరా దానిని కొనబోయే అపరిచితునికి ఏదీ దాచి ఉంచరాదని అతని సంకల్పం.