తరువాయి ఎక్కడ?

పోయినేడు ఒక చిన్న పత్రికలో నా వ్యాసం అచ్చయింది. సగంలో ‘తరువాయి 31వ పేజీలో’ అని వేశారు. 31లో చూస్తే ఏదో ప్రకటన. మిగతా సగం 33లో పడింది. ముగింపు దొరకనే లేదని ఒక పెద్దాయన ఉత్తరం రాశారు. ఆ ఉత్తరం నా మనసులోంచి పోలేదు. ఈసారి తిరుపతి వెళ్లినప్పుడు, పుటకూ పుటకూ ముడి ఎలా వేస్తారో కళ్లారా చూడాలనుకున్నాను.

ముందుగా ప్రాచ్య పరిశోధనా సంస్థకు వెళ్లాను. 1939లో తిరుమల తిరుపతి దేవస్థానం నెలకొల్పిన ఈ సంస్థ 1956లో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం చేతికి వచ్చింది. అక్కడ ఒక తాటాకు కట్ట విప్పి చూపించారు. మాటకూ మాటకూ నడుమ ఖాళీ లేదు. ఆకు చివర మాట సగంలో ఆగి, మరో ఆకు మొదట్లో పూర్తయింది. దారి చూపేవి రెండే: రంధ్రం గుండా సాగే తాడు, అంచున గంటంతో గీసిన తెలుగు అంకె. తాడు తెగితే అంకె ఆదుకుంటుంది. ఆ అంచును పురుగు తినేస్తే, తెగిన మాటకు మిగతా సగం ఏ ఆకులో ఉందో ఒక్కొక్కటే వెతకాలి.

ఆ అంకెలు చూస్తుంటే అన్నమయ్య పాటలు చెక్కిన రాగిరేకులు గుర్తొచ్చాయి. దేవస్థానం అచ్చువేసిన సంపుటాల్లో ప్రతి పాటకూ రేకు సంఖ్య ఉంటుంది. పుస్తకం పట్టుకున్నవాడు ఆ అంకెతో నేరుగా రాగిరేకు దాకా వెళ్లవచ్చు.

సాయంత్రం ఊళ్లో ఒక డీటీపీ షాపుకు వెళ్లాను. కుర్రాడు ఇన్‌డిజైన్ అనే సాఫ్ట్‌వేర్‌లో పత్రిక పేజీలు కడుతున్నాడు.

“నంబరు నేను కొట్టేది లేదు సార్. గుర్తు పెడితే అదే చూసుకుంటాది” అంటూ మధ్యలో రెండు పేజీలు చేర్చాడు. ‘తరువాయి 14’ కాస్తా 16 అయింది. తరువాయి రాసిన చిన్న పెట్టె వ్యాసం పెట్టెను తాకి ఉండాలట. పక్కకు జరిగితే లెక్క తప్పుతుందట.

“అందుకే కడాకు ఒకతూరి చదివి చూస్తా” అన్నాడు.

12వ పేజీ చివరి మాట అతను చదివాడు. 16వ పేజీ మొదటి మాట నేను చదివాను. వాక్యం కలిసింది.