మంగు, బొల్లి, ఒకే గింజ

మంగు మగవాళ్లకీ వస్తుంది. కానీ ఆడవాళ్లకే చాలా ఎక్కువ. గర్భం, గర్భనిరోధక మాత్రలు, ఎండ - ఈ మూడూ దాన్ని రేపుతాయని చర్మవైద్యులు చెప్తారు. అంటే పిల్లల్ని కన్నందుకూ, కనకుండా జాగ్రత్తపడినందుకూ, ఎండలో పని చేసినందుకూ కూడా మన బుగ్గల మీద గుర్తులు పడతాయన్నమాట.

నాకు రెండో కాన్పు తర్వాత వచ్చింది. అప్పట్నించీ సలహాలకి లోటు లేదు. కస్తూరి పసుపు, మంజిష్ఠ, అతిమధురం పొడి... ఇప్పుడవన్నీ సీసాల్లోకి చేరాయి. ఇదంతా బూటకమని నేను కొట్టిపారేయను. అతిమధురంలో ఉండే గ్లాబ్రిడిన్, చర్మానికి రంగునిచ్చే మెలనిన్ తయారీకి అవసరమైన టైరోసినేజ్ అనే ఎంజైమును అడ్డుకుంటుంది. ఆడవాళ్ల చేతుల్లో నలిగిన జ్ఞానంలో నిజం ఉంది. నన్ను నిలబెట్టి ఆలోచింపజేసింది మరో మూలిక.

ముడతలకీ మచ్చలకీ మంచిదంటూ మా అమ్మాయి తెచ్చిచ్చిన సీరం మీద 'బకుచియాల్' అని ఉంది. బాకుచి అంటే మన బావంచాలే. ఆ గింజలు నాకు బాగా తెలుసు. మా పిన్నికి పదిహేడో ఏట ముంజేతుల మీద బొల్లి మచ్చలు వచ్చాయి. వస్తున్న సంబంధాలు ఆగిపోయాయి. అమ్మమ్మ బావంచాలు నూరి, మచ్చల మీద పట్టించి, పిన్నిని పెరట్లో ఎండలో కూర్చోబెట్టేది. బొబ్బలెక్కి ఏడుస్తుంటే "ఓర్చుకో తల్లీ, నల్లబడితే చాలు" అనేది. తెల్లటి కోడలు కావాలని వెతికే ఇళ్లున్న ఊళ్లో, ఒక తల్లి కూతురు నల్లబడాలని మొక్కుకుంది!

ఒకే గింజ నలుపునెలా ఇస్తుంది, ఎలా తీస్తుంది? అందులోని సోరాలెన్ చర్మాన్ని వెలుగుకి అతి సున్నితంగా మారుస్తుంది. ఎండ తగిలితే రంగు పుడుతుంది, మోతాదు మించితే కాలుతుంది. బకుచియాల్ వేరే పదార్థం. మన దేశపు రసాయన శాస్త్రవేత్తలు దాన్ని 1966లోనే విడదీశారు. 2019లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ డెర్మటాలజీలో వచ్చిన అధ్యయనంలో 44 మంది 12 వారాలు వాడితే, ముడతలూ మచ్చలూ తగ్గించడంలో అది రెటినాల్‌కి దీటుగా నిలిచింది. మంట, పొట్టు రాలడం తక్కువ. 44 మంది అంటే చిన్న సంఖ్యే. అయినా సీసాలో మాట అబద్ధం కాదు. అయితే పచ్చి బావంచాలు నూరి మంగు మీద రాసుకుని ఎండలోకి వెళ్తే మాత్రం మచ్చ మరింత ముదరొచ్చు. మూలికే కదా అనుకోవడానికి లేదు.

గింజకి ఏ రంగు మీదా పక్షపాతం లేదు. తెల్లబడితే పెళ్లి కాదన్న భయం, నల్లబడితే విలువ తగ్గుతుందన్న భయం, ముడత పడితే ఇక కనిపించనేమోనన్న భయం మనలో నాటినవి. ఫెయిర్ అండ్ లవ్లీ 2020లో గ్లో అండ్ లవ్లీ అయింది. మాట మారింది. ఇప్పుడు 'తెలుపు' అనరు, 'మెరుపు' అంటారు, 'వయసు కనపడనివ్వదు' అంటారు. మా పిన్ని పెళ్లి చేసుకోలేదు. టీచరుగా రిటైరయ్యేదాకా మోచేతులు దాటిన జాకెట్లే తొడిగింది. బొల్లి అంటువ్యాధి కాదని పిల్లలకి పాఠం చెప్తూనే తన చేతులు కప్పుకుంది. ఆ కప్పుకోవడానికి ఏ మూలిక మందు?

సీరం రాసుకునే స్త్రీతో నాకు పేచీ లేదు. నేనూ రాస్తున్నాను. కానీ ఏది రాసినా ఎండ తగలకుండా కాచుకోకపోతే మంగు తిరిగి వస్తుంది. మంగుకి మొదటి మందు నీడ. నాట్లు వేసేవాళ్లకి, మిరపకాయలు కోసేవాళ్లకి, రోడ్డు పక్కన కూరగాయలమ్మేవాళ్లకి అది ఏ దుకాణంలో దొరుకుతుంది? చర్మం గురించి మనం రాసేటప్పుడు ఈ లెక్క కూడా రాయాలి.