గోదావరి పుట్టినచోట ద్రాక్షతోటలు



మన హసన్‌పర్తి పొలములకు నీరు ఎక్కడనుండి వచ్చుచున్నదని పిల్లలను అడిగినయెడల, కాలువనుండి అని చెప్పుదురు. కాలువకు ఎక్కడిదంటే పోచంపాడునుండి అందురు. నిజమే. 1963లో నెహ్రూగారు పోచంపాడు ఆనకట్టకు శంకుస్థాపన చేసిరి. దానినుండి బయలుదేరిన కాకతీయ కాలువ మన ప్రక్కకు వచ్చినది. అయితే పోచంపాడుకు పైన ఆ గోదావరి ఎక్కడిది అని అడిగినయెడల పెద్దలు సహితము కొంచెము ఆలోచించి చెప్పుదురు. ఆ నది మహారాష్ట్రములో, నాసిక్ పట్టణమునకు ఇంచుమించు 30 కిలోమీటర్ల దూరమునందున్న త్ర్యంబకము యొద్ద బ్రహ్మగిరి కొండలలో పుట్టుచున్నది. అక్కడికి పడమటి సముద్రము 80 కిలోమీటర్ల దూరము మాత్రమే. అంత దగ్గర సముద్రమునకు వీపు త్రిప్పి, తూర్పు ముఖముగా 1,465 కిలోమీటర్లు నడిచి, కందకుర్తి యొద్ద మన తెలుగునేల ప్రవేశించి, బాసర, ధర్మపురి, కాళేశ్వరము, భద్రాచలము, రాజమండ్రి దాటి బంగాళాఖాతములో కలియుచున్నది. అది ఆ దగ్గరి దారినే పోయినయెడల మన కాలువలో నేమి యుండును?

నా కుమార్తెయు అల్లుడును నాసిక్‌లో కాపురమున్నారు. గడచిన అక్టోబరు నెలలో నేనును నా భార్యయు సికింద్రాబాదులో దేవగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి వారిని చూడబోయితిమి. ఆ ప్రాంతమందు యాత్రికులను ప్రొద్దున బస్సులో ఎక్కించుకొని, నదియు ఆనకట్టయు ద్రాక్షతోటలును చూపించి, సాయంకాలమునకు ఇల్లు చేర్చు ఏర్పాటున్నది. త్రోవ పొడుగునా వివరించి చెప్పుటకు ఒకరు వెంట వత్తురు. అల్లుడు రెండు టిక్కెట్లు తెచ్చి, "మామయ్యా, మీరు ప్రతి యేడూ ద్రాక్షావల్లి మీద ప్రసంగం చేస్తారు గదా. ఒక్కసారి తోటలోకి వెళ్లి చూడండి" అనెను. ఈ సంగతి ఫోనులో విన్న మా సంఘస్థుడొకడు, "అయ్యగారు బట్టీ చూడబోతున్నారట" అని ఊరంతయు చెప్పినాడు. చెప్పనియ్యుడి.

మా బస్సులో పదునలుగురు ప్రయాణికులు. వివరించునది ఇరువది రెండు, ఇరువది మూడేండ్ల అమ్మాయి. నా వరంగల్లు హిందీ ఆమెకు నవ్వు తెప్పించెను గాని, అడిగిన ప్రతి ప్రశ్నకును ఓపికతో ఉత్తరమిచ్చెను. మొదట గంగాపూర్ ఆనకట్టకు పోయితిమి. అది గోదావరికి అడ్డముగా వేసిన మట్టికట్ట. వర్షాకాలము అప్పుడే వెళ్లిపోయినందున చుట్టునున్న కొండలు పచ్చగా నుండెను. నీరు నిండుగా కదలక నిలిచియుండెను. మన పాకాల చెరువుకట్ట మీద నిలిచి చూచినవారు ఆ దృశ్యమును ఊహించుకొనగలరు. ఆ నీటి ప్రక్కనుండియే ద్రాక్షతోటలు ఆరంభమగుచున్నవి.

నాసిక్‌లో తినెడి ద్రాక్ష పూర్వమునుండియు పండుచున్నది. రసము తీయుటకై వేరు జాతుల ద్రాక్ష పెట్టుట ఇటీవలి పని. 1990ల చివర రాజీవ్ సామంత్ అనునతడు విదేశమందు చదివి, ఉద్యోగము చేసి, తిరిగి వచ్చి, ఈ గంగాపూర్ ప్రక్కన తన కుటుంబపు భూమిలో అట్టి తీగెలు నాటెను. తన తల్లిపేరులోనుండి తీసికొని ఆ తోటకు 'సులా' అని పేరుపెట్టెను. 2001లో మహారాష్ట్ర ప్రభుత్వము ద్రాక్షారస పరిశ్రమను ప్రోత్సహించు విధానమును ప్రకటించిన మీదట మరి అనేకులు ఈ పనిలో దిగిరి. ఒకప్పుడు మన హైదరాబాదు చుట్టునను అనాబెషాహి ద్రాక్షతోటలుండెడివి. పెద్దవయస్సు వారికి ఆ పండ్ల గుత్తులు జ్ఞాపకముండును. ఇప్పుడు ఆ నేలమీద ఇండ్లు లేచినవి.

తోటలో అడుగుపెట్టగానే నేను ఆశించిన పచ్చదనము లేదు. తినెడి ద్రాక్షకు పందిరి వేయుదురు. రసపు ద్రాక్షకు తంతులు కట్టి వరుసలుగా నిలిపి పెంచెదరు. ఆ వరుసలలో సగము ఎండిన కట్టెలవలె నుండెను. కొమ్మలన్నియు కత్తిరించి క్రింద కుప్పలు వేసియుండిరి. నా భార్య, "అయ్యో, తెగులేమో" అన్నది. తెగులు కాదు, అది అక్టోబరు కత్తిరింపు.

ఇక్కడ కొంచెము నిలిచి చెప్పవలెను. పాలస్తీనాలోను ఐరోపాలోను చలికాలమందు ద్రాక్షావల్లి ఆకు రాల్చి నిద్రపోవును. అప్పుడు ఒక్కసారి కత్తిరించెదరు. నాసిక్ ప్రాంతములో దానిని నిద్రపుచ్చు చలి లేదు. విడిచిపెట్టినయెడల సంవత్సరమంతయు ఆకు వేయుచునే యుండును, పండు మాత్రము సరిగా నియ్యదు. కావున ఇక్కడి రైతులు ఏడాదికి రెండుమార్లు కత్తిరించెదరు. ఏప్రిలులో మొదటిసారి, అది పండుకొరకు కాదు, మంచి కొమ్మ లేచుటకు. అక్టోబరు ప్రాంతమున రెండవసారి, అది పండుకొరకు. పండ్లు జనవరి మొదలుకొని మార్చి వరకు కోతకు వచ్చును.

ఇందులో నాకు మిక్కిలి ఆశ్చర్యము పుట్టించిన సంగతి వేరొకటి. ఏప్రిలులో కోసిన తరువాత నలువది మొదలు అరువది దినములలోపల, అనగా మే, జూను నెలల ఎండలో, క్రొత్త కొమ్మమీది మొగ్గల లోపల రానున్న గుత్తి ఏర్పడునట. బయటికి ఏమియు కనబడదు. తరువాత వానలు కురిసి, ఆకు పెరిగి, అక్టోబరులో కత్తి పడి, మొగ్గ విచ్చినప్పుడుగాని ఆ గుత్తి ఉన్నదో లేదో తెలియదు. అక్టోబరులో ఎంత నేర్పుగా కోసినను, వేసవిలో లోపల ఏర్పడని గుత్తి బయటికి రాదు. యోహాను 15వ అధ్యాయములో ప్రభువు తండ్రిని తోటమాలిగా చూపి, ఫలించు తీగెకే కత్తి తగులునని బోధించిన మాటలు మనకందరికిని పరిచితములే. కాని ఫలించుట, కత్తి పడుట, ఈ రెండింటికి ముందు ఎవరికిని కనబడని ఒక వేసవి ఉన్నదని ఆ వరుసల మధ్య నిలిచి వింటిని. మీ ఇంటిలో అట్టి వేసవి జరుగుచున్నదేమో, మీరు ఎరుగుదురు.

ఆ కోతపని చేయుచున్నవారు పేఠ్, సురగాణా కొండప్రాంతములనుండి వచ్చిన గిరిజన కుటుంబములవారు. కత్తిరింపు కాలమందును కోతకాలమందును వారు పిల్లలతో కూడ దిగివచ్చి తోటల ప్రక్కన కాపురముందురు. మనవద్ద తెల్లవారుజామున వరంగల్లు అడ్డాలో గిన్నె మూట పట్టుకొని నిలుచుండు కూలీలవంటివారే. మత్తయి 20వ అధ్యాయములోని సంతవీధి ఏదో దూరదేశపు సంగతి కాదు. నడివయస్సు స్త్రీ యొకతె చేతులకు రబ్బరు తొడుగులు వేసికొని, కత్తిరించిన కొమ్మల మొగ్గలకు గుడ్డతో మందు పూయుచుండెను. ఆ మందు పూసిన పది పండ్రెండు దినములలో మొగ్గలన్నియు ఒక్కసారిగా విచ్చునట. విషపు మందు, చర్మమునకు తగులరాదు. "కోతకు నీవు ఉందువా?" అని అడిగితిని. "పిలిస్తే ఉంటాను బాబా" అన్నది. మాతో వచ్చినవారు అప్పటికి ఫోటోలు తీసికొనుటకు ముందుకు పోయిరి.

అక్కడి తీగెలలో అనేకము ఒకే మొక్క కావు. క్రింద వేరు ఒక అడవిజాతి ద్రాక్షది, పేరు డాగ్‌రిడ్జ్. ఉప్పునీటికిని నీటి ఎద్దడికిని తట్టుకొనును గాని దాని పండు తినదగినది కాదు. దానిమీద మంచిజాతి కొమ్మను అంటుకట్టుదురు. రోమీయులకు వ్రాసిన పత్రికలో పౌలుగారు అడవి ఒలీవ కొమ్మను మంచి చెట్టుకు అంటుకట్టుట గురించి చెప్పిరి. ఇక్కడ అడవిది వేరు, మంచిది కొమ్మ. పౌలు తానే అది సహజమునకు విరుద్ధమని ఒప్పుకొన్నారు గనుక, తోటమాలిని ఎవరును తప్పుపట్టనక్కరలేదు.

తరువాత రసము తీయు ఇంటిలోనికి పోయితిమి. ద్రాక్షగానుగ అనగానే కాళ్లతో త్రొక్కు తొట్టి మన మనస్సుకు వచ్చును. ఇక్కడ రెండు తాటిచెట్లంత ఎత్తు అన్నట్లు కనబడు ఉక్కు తొట్లు, వాటి చుట్టును చల్లని నీరు తిరుగు గొట్టములు. నల్లద్రాక్షలోని రసము సహితము తెల్లనిదే. ఆ ఎరుపంతయు తొక్కది. తొక్కతో కలిపి ఉంచిన ఎర్రని రసము, తొక్క తీసివేసిన తెల్లని రసము వచ్చును. పండులోని తీపిని ఈస్టు తినివేసి మత్తుగాను వాయువుగాను మార్చును. తీపి యంతయు పోయినప్పుడు నూటికి పండ్రెండు, పదమూడు వంతుల మత్తు తయారగును. లోపలి గదిలో ఓకు కొయ్య పీపాలు వరుసగా నుండెను. చల్లగా, చీకటిగా, నిశ్శబ్దముగా ఒక దేవాలయమువలె నుండెనని ఒకాయన అన్నాడు. నాకు మాత్రము పులిసిన వాసన తప్ప మరేమియు తోచలేదు.

చివర బల్లయొద్ద అందరికిని గాజుపాత్రలలో రుచి చూపించిరి. నేను వద్దంటిని; ఆ అమ్మాయి మారుమాట లేక నీళ్లు తెచ్చి యిచ్చెను. వాక్యము ఎరిగినవారు నన్ను ప్రశ్నించుదురని తెలియును. కానాలో ప్రభువు ఆరు రాతిబానల నీటిని ఏమి చేసెను? తిమోతి కడుపునొప్పికి పౌలు ఏమి సలహా చెప్పెను? నిజమే, లేఖనము ద్రాక్షారసమును పాపమని పిలువదు. నోవహు తోటవేసి ఏమయ్యెనో ఆ గ్రంథమే దాచకుండ చెప్పుచున్నది. యిర్మీయా 35వ అధ్యాయములో రేకాబీయులు పితరుని మాటనుబట్టి పాత్రను ముట్టనందుకు దేవుడు వారిని మెచ్చుకొనెను. ఈ రెండు ప్రక్కలను ఎరిగియే నేను వద్దంటిని. నేను కాపరిగా నున్నది నాసిక్‌లో కాదు, హసన్‌పర్తిలో.

మన ప్రాంతములో 'వైన్స్' అను మాటకు అర్థమేమో మీకు తెలియును. పలకమీద పెద్ద అక్షరములతో వైన్స్ అని యుండును. లోపల ద్రాక్ష సంబంధమైనది వెదకినను దొరకుట అరుదు. అక్కడ అమ్మునది నూటికి 42.8 వంతుల మత్తుగల విస్కీ, బ్రాందీ. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మయు తోటి స్త్రీలును సారా దుకాణము మూయించిరి. ఆ ఉద్యమము రాష్ట్రమంతయు ప్రాకి, 1993 అక్టోబరు 1న సారా నిషేధింపబడినది. 1995లో సంపూర్ణ మద్యనిషేధము వచ్చినది. 1997లో అది సడలినది. తరువాతి కథ మన బెల్టు షాపులు చెప్పును.

మా సంఘములో ఒక సహోదరుడున్నాడు. పేరు వ్రాయను. హమాలీ పని. పదునైదేండ్లు త్రాగి, భార్య పుస్తెలు సహితము అమ్మి, ఇప్పుడు మూడేండ్లనుండి ముట్టలేదు. ప్రభురాత్రి భోజనమునకు కూర్చుండును, రొట్టె తీసికొనును. గిన్నెల పళ్లెము వచ్చినప్పుడు లేచి బయటికి పోవును. ఎందుకని అడిగినందుకు, "అయ్యగారూ, ఆ వాసన నా ముక్కు మరువలేదు. ఒక్క చుక్క చాలు, నన్ను మళ్లా ఆ దుకాణం ముందర నిలబెట్టడానికి" అన్నాడు. పెద్దలలో కొందరు, అతడు ప్రభువు గిన్నెను త్రోసివేయుచున్నాడు గనుక విచారణ చేయవలెననిరి. మరికొందరు, మనము ఇచ్చునది ఎండుద్రాక్ష కాచిన నీళ్లే, అందులో వాసన ఎక్కడిది, అతనిది భ్రమ అనిరి. మాట పెరిగి, రెండు ఇండ్లవారు పలుకరించుకొనుట మానిరి.

ఆ ఉక్కు తొట్ల ప్రక్క నిలిచి నేను అమ్మాయిని అడిగినది ఈ సంగతియే. ద్రాక్ష పులియుటకు ఎంతకాలము పట్టును? ఆమె చెప్పినది: పండు తొక్కమీదనే ఈస్టు సహజముగా నుండును, వెచ్చని వాతావరణములో పిండిన రసము ఒకటి రెండు దినములలోనే పులియనారంభించును, అందుకే ఇన్ని చల్లని గొట్టములు. అమెరికాలో తామస్ బ్రామ్‌వెల్ వెల్చ్ అను దంతవైద్యుడు 1869లో ద్రాక్షరసమును వేడిచేసి, పులియుట ఆపి, మత్తులేని రసమును ప్రభుభోజనమునకై తయారుచేసెనని సెమినరీలో చదివితిని. వేడియే ఇందులో ముఖ్యము. ఎండాకాలమందు శుక్రవారము నానవేసి ఆదివారము కాచిన ఎండుద్రాక్షనీటికి కొంచెము పులుపు పుట్టియుండుట అసాధ్యము కాదు. త్రాగనివాని నాలుకకు అది తెలియదు. త్రాగి మానినవాని ముక్కు దానిని గుర్తుపట్టును.

ఇంటికి వచ్చిన తరువాత పెద్దలయెదుట ఈ మాట చెప్పితిని. విచారణ మాట విడిచిపెట్టుడని అడిగితిని. బలహీనుడైన సహోదరునిగూర్చి కొరింథీయులకు వ్రాసిన 8వ అధ్యాయమును చదివితిమి. ఒక పెద్దమనిషి, "బలహీనుడు అతనా, మనమా?" అనెను. దానికి ఎవరును జవాబు చెప్పలేదు. ఇకమీదట నానబెట్టక, ఎండుద్రాక్షను వేడినీళ్లతో కడిగి, ఆదివారము తెల్లవారగానే కాచి, వడగట్టి తేవలెనని తీర్మానించితిమి. ఎవరు కాచుదురు అను ప్రశ్న వచ్చెను.

ఆ పని ఆ సహోదరుడే అడిగి తీసికొన్నాడు. ఇప్పటికి మూడు నెలలైనది. ఆ మూడు ఆదివారములును చీకటితో లేచి, పొయ్యి వెలిగించి, గిన్నె కడిగి, రసము తెలతెల్లగా తేరువరకు దగ్గర కూర్చుండి, మూత పెట్టి తెచ్చుచున్నాడు. మొన్నటి ప్రభుదినమున పళ్లెము తన యొద్దకు వచ్చినప్పుడు బయటికి పోలేదు. ఒక గిన్నె చేతిలోనికి తీసికొని, వాసన చూచి, తిరిగి పళ్లెములో పెట్టి, ప్రక్కనున్న వానికి అందించెను.